మిరుగం నాటి తూకం

మన్ననూరు చెక్‌పోస్టు కాడ సంతకం వెట్టి
మోపెడ్ ఎనక ఐసుడబ్బా కట్టుకొని
చీకటితోనే పెంటకు దిగిన.
ఇయ్యాల మిరుగం.
అచ్చంపేటల ఇయ్యాల శాప ఉడకని పొయ్యి
మొఖం మాడ్చుకొని కూసుంటది.
కిలోకు ఎంతంటే అంత.

రాత్రి గట్టిగనే కొట్టింది వాన.
వాగు ఎర్రగ, నురుగు నురుగు,
ఎండాకుల కంపు, కొత్తనీళ్ల కంపు.
కింద కృష్ణలకెల్లి శాపలు ఎదురెక్కుతున్నయి
బండల మీద తోకలు కొట్టుకుంట,
బస్సు తప్పిపోతదని ఉరికేటోళ్ల లెక్క.

ఉడతనూరి బయ్యమ్మ మోకాటిబంటి నీళ్లల్ల నిలవడ్డది.
వాగుకు అడ్డం వెదురు తడక.
తడక నడుమ మనిషి దూరేంత సందు.
ఆ సందుకు మావు కట్టలే.
గదేందే, మంచి శాపలన్ని అండ్లకెల్లే పోతయి గదా అంటే
"పోనీకే ఇడిసిన" అన్నది,
నా దిక్కు సూడకుండనే.

పక్కకు మళ్లినయే మావుల వడ్తయి.
ఒక్కొక్కటి చేతులతోని తీస్తది,
మొప్పలు ముట్టదు, కడుపు కింద అరచెయ్యి వెడ్తది.
జిలేబి, గంపల.
జిలేబి, గంపల.
సర్కారు లారీల తెచ్చి పోసిన బొచ్చె, గంపల.
వాలుగ
నీళ్లల్లకు.

నాలుగు కిలోలుంటది!
నా కండ్ల ముందట ఒక్క మెలిక తిరిగి
తడకకు అవుతల తేలింది, పోయింది.
"అవ్వా, నీకు తూకం తెల్వదానే?" అని మొత్తుకున్న.

నా చెయ్యి గుంజి
ఇంకో వాలుగ కడుపు మీద వెట్టింది.
సల్లగ, బిర్రుగ,
నానవెట్టిన గసాలు గుడ్డల మూట గట్టినట్టు.
మూట ఒక్కపారి నా ఏళ్ల కింద కదిలింది.
"గిప్పుడు ఎయ్యి తూకం" అన్నది.

నా కాంటా యాభై గ్రాములకాడికి సుత తప్పు చూపదు.
దాన్ని సంచిల్నే ఉంచిన.

పోయినేడు ఏటి మీద అలివి వల వడ్డది.
దోమకు సుత తొవ్వ ఇడువని వల.
గోరంత పిల్లలు, గుండీలంత పిల్లలు
టార్పాలిన్ మీద తెల్లగ ఎండినయి, కోళ్ల దాణాకు.
బయ్యమ్మకు నేను చెప్పలే గని
అండ్ల రెండు బస్తాలు నేనే కొన్న.
రసీదు ఇంక నా చొక్కా జేబులనే ఉన్నట్టు
బటన్ సర్దుకున్న.

వాళ్లాయన పెద్దులు విల్లుతోని కొట్టేటోడంట శాపను.
ఒడ్డున నీళ్ల మీద కొర్రమట్ట పిల్లల ఎర్రముద్ద కనవడితే
బాణం దించి సుట్టు తిరిగి నడిచేటోడంట,
నీడ నీళ్లల్ల పడకుండ.
గంతే చెప్పింది.
గది ఎందుకో అడుగుదామనుకున్న,
అప్పటికే ఇంకో శాపను ఇడుస్తున్నది.

గంప పదకొండు కిలోలు తూగింది.
జిలేబికి కొర్రమట్ట రేటు అడిగింది.
ఇయ్యనన్న. లేచి మోపెడ్ కిక్కు కొట్టిన.
ఆమె బీడీ ముట్టిచ్చింది.
మల్ల దిగి ఇచ్చిన.
అండ్లకెల్లే ఒక జిలేబి ఎనక్కి తీస్కొని
"మాకు సుత మిరుగమే" అన్నది.

ఘాటు పొడుగూత సగం డబ్బాల ఐసు గడ్డలే గలగల.
పోయిన పైసలు లెక్కవెట్టుకుంట వచ్చిన,
వటవర్లపల్లి దాకా గుర్తున్నయి,
అటెన్క తప్పిన లెక్క.

అచ్చంపేట అడ్డ మీద
సంచి పట్టుకొని పంతులమ్మ అడిగింది:
ఏం బాబూ, మిరుగం నాడు వాలుగ లేదా?
లేదమ్మా.
ఏడికి పోయింది?

తల్లిగారింటికి,
పురుటికి పోయింది అన్న.

పిచ్చోన్ని సూసినట్టు సూసి
రెండు జిలేబీలు తూయమన్నది,
పొలుసు మంచిగ గీకమన్నది.