వెనక సీటు లెక్క

లంగర్‌హౌజ్ దగ్గర ఐదున్నరకి తొమ్మిది బండ్లు.
మాది ముందు బండి.
"ఆంటీ, రెండువైపులా కాళ్లేసి కూర్చోండి" అంది నుస్రత్,
నా పాత స్కూటర్ అలవాటు చూసి.

ముందున్న రోడ్డు నాది కాదు.
నా ముందున్నది ఆ పిల్ల హెల్మెట్,
దాని మీద ఒక చెవి ఊడిన పిల్లి బొమ్మ.
నా వంతుకొచ్చేవి పక్కలు:
మొయినాబాద్ గోడల మీద ప్లాట్ల ధరలు,
గోడ అయిపోయిన చోట బంతితోట,
నోట్లో బ్రష్‌తో చెయ్యూపిన పోరడు.
నేను తిరిగి ఊపేసరికి
అక్కడ ఇంకెవరిదో బర్రె.

బ్రేకు పడ్డప్పుడల్లా హెల్మెట్లు టక్కుమంటాయి.
మొదట సారీ చెప్పుకున్నాం.
చేవెళ్ల దాటాక మానేశాం.

నాకొక పని కూడా ఉంది,
మాటిమాటికీ తిరిగి చూసి లెక్కపెట్టడం.
ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది.
మన్నెగూడ దగ్గర ఏడు.

భుజం మీద రెండు దెబ్బలు.
క్యారెట్లు కడిగే తొట్టి పక్కన ఆగాం.
ఇంజన్లు టిక్కుటిక్కుమంటూ చల్లారుతున్నాయి.
జైపాల్ ఫోనెత్తడు.
కడిగే ఆమె నా చేతిలో ఒక క్యారెట్ పెట్టింది.
కొరక్కుండా పట్టుకుని నిలబడ్డాను.

ఇరవై నిమిషాలకి వచ్చారు.
వెనక కూర్చున్న వాళ్లావిడ చెప్పు జారిపడిందట,
వెతికారట, దొరకలేదట.
ఒంటి చెప్పుతో దిగి
ఆమే ముందు నవ్వింది.
అప్పుడు కొరికాను.

అనంతగిరిలో ఏం చూశావంటే
పొగమంచు అని చెప్తాను, అందరిలాగే.

రాత్రి ఇంటికి ఆటోలో,
టోలిచౌకి మలుపు దగ్గర
ఒళ్లు దానంతటదే పక్కకి వంగింది.
డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.