పలుగురాళ్ళ తోట

తిరువాన్మియూరులో బస్సెక్కేటప్పుడే
ఆండాళు హ్యాండ్‌బ్యాగును రెండుసార్లు తడుముకుంది.
పర్సు కోసమేమో అనుకున్నాను.

మంగళవారం. ఆపరేషను తర్వాత మిగిలిన ఆఖరి సెలవు తనకి.
నేను కుట్టుమిషను మీద దుప్పటి కప్పి వచ్చాను.
ఎడంపక్క సముద్రం
ఇళ్ళ సందుల్లోంచి కనబడి పోతోంది,
గిరాకీ వద్దన్న చీరలో జరీ అంచులా.

గేటు దగ్గర మనిషికి రెండొందల యాభై.
చెప్పులు విడవమన్నారు. ఫోన్లు ఆపమన్నారు.
తెల్లబట్టల పిల్ల ఒకతె
పెదవి మీద వేలు పెట్టి నవ్వింది.

తోటంటే మొక్కలనుకున్నాం.
సరుగుడు చెట్ల కింద ఇసుక పరిచి
రాళ్ళు నాటారు.
ఊదారంగుది నిద్రకట.
గులాబీది విడిపోయినవాళ్ళకు.
పసుప్పచ్చది బాకీలకు:
అరచెయ్యి ఆనించి మూడు శ్వాసలు తీయాలి.
ఆండాళు అక్కడ పదకొండు తీసింది.
నేను లెక్కపెట్టాను. చిట్టీ పాడిన సంగతి నాకు తెలుసు.

నడిమధ్య, అద్దాల గుడారంలో,
నా నడుమెత్తు తెల్లరాయి.
హిమాలయ గర్భంలో పుట్టిందని బోర్డు.
నాకు నవ్వాగలేదు.

ఇది పలుగురాయే ఆండాళూ!
సైదాపురం అవతల మా అభ్రకం గనుల కాడ
దీన్ని తట్టలకెత్తి పారబోసేవాళ్ళు.
మా అమ్మ కత్తి పట్టుకుని రేకులు చీల్చేది.
మెరిసేదంతా కంపెనీది,
పారబోసిన తెల్లగుట్ట పిల్లకాయలది.
కరెంటు పోయిన రాత్రి రెండు ముక్కలు రుద్దితే
రాయి లోపల్లోపలే
నిప్పు ఉలిక్కిపడేది.
కాలిన గోరు వాసన.
అది దేనికి మంచిదో
మాకెవరూ చెప్పలేదు.

తెల్లబట్టల పిల్ల మళ్ళీ వేలు చూపించింది.

అప్పుడు తీసింది బ్యాగులోంచి
మాత్రల సీసా. దాన్లో దూది. దూదిలో
శనగబద్దంత, గరుకుగా, గోధుమరంగుది.
"డాక్టరు చేతిలో పెట్టినాడు.
పారెయ్య మనసు రాలేదు" అంది.

పంతొమ్మిదేళ్ళు టీనగర్ కొట్లో నిలబడే ఉంది.
బాత్రూముకి పోతే రిజిస్టరులో రాయాలి,
పోయిన టైమూ వచ్చిన టైమూ.
అందుకని నీళ్ళు మానేసింది.
ముహూర్తాల నెలల్లో గిరాకీలకు
చల్లటి మజ్జిగ తనే అందించేది,
గ్లాసు చెమ్మ వేళ్ళకంటితే
పమిటకు తుడుచుకునేది.
తాగని ఒక్కో గుక్కా
పొర మీద పొరగా లోపల చేరింది.
ఏ కొండ కడుపులోనూ ఇంత తొందరగా
రాయి పండి ఉండదు.

పెద్ద స్ఫటికం పాదాల దగ్గర ఇసుక తవ్వి
దాన్ని నిలబెట్టింది.
పక్కన బోర్డు లేకపోతే బాగుండదని
వేలితో రాయబోయి నన్నడిగింది,
ఇది దేనికని రాయాలి?

ఇద్దరం ఆలోచించాం.
ఇసుకలో తనే రాసింది:
కూర్చోడానికి.

రాసి, అక్కడే కూలబడింది.
సందర్శకులు కూర్చోరాదు అన్న బోర్డుకు వీపు ఆనించి,
కాళ్ళు బారజాపి.
ఉబ్బిన నరాలు పిక్కల మీద నీలంగా.
తెల్లబట్టల పిల్ల ఈసారి నవ్వలేదు, వారించలేదు.
తనూ పొద్దుట్నించి నిలబడే ఉంది.

గేటు దాటాక వెనక్కి పరుగెత్తింది ఆండాళు.
సీసా మూత బిగిస్తూ వచ్చింది.
"వదిలేస్తే
రేప్పొద్దున దానికీ టిక్కెట్టు పెడతారే."

తిరుగు బస్సులో ఒక్కటే సీటు.
ఇద్దరం సర్దుకున్నాం.
లీటరు సీసా ఎత్తి గటగటా తాగుతోంది,
మెడ మీదుగా ధార జాకెట్లోకి పోతున్నా ఆపకుండా.
ఊరు చేరేసరికి గంటకు పైనే అవుద్ది,
ఆపుకోవాలి గదా అన్నాను.

మూతి తుడుచుకుంది.
ఆపుకోను.
బస్సాపమంటాను.