అప్పిచ్చిన గాంధారం

మధ్యాహ్నం మూడింటికి కొట్టు ముందు ఆటో ఆగింది.
దిగిన పిల్ల పేరు యాళిని, దుబాసీ పని.
వెనకాల ఆరడుగుల పైన ఒక మనిషి,
చంటిబిడ్డలా నల్లపెట్టెని ఎత్తుకొని
నా చింతాద్రిపేట గడపకి తల కొట్టుకున్నాడు.

పేరు గెన్నాదీ అట. నాకు నోరు తిరగలేదు.
గన్నయ్యా అన్నాను, పలికాడు.

"రాత్రి ఏడింటికి ఆళ్వారుపేటలో కచేరీ,
పెట్టె మూగబోయింది" అంది ఆ పిల్ల.
రైలు దిగినాక మూడు గంటలు
వ్యాన్‌లో ఎండకి వదిలేశారు.
మద్రాసు ఎండకి క్యాలెండరు లేదని
వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

విప్పాను.
మైనం కరిగి రేకులు జారి అడుగున పడున్నాయి,
పళ్ళూడిన ముసలి నోరు.
ఒకదానికి నాలుక విరిగింది.
నాకు నవ్వొచ్చింది.
మంచు దేశం నుంచి దిగిన పెట్టెలో ఉన్నదీ
మా నాయన హార్మణీలో ఉన్నదీ ఒకటే గదా:
ఇరుకు సందు, అందులో దారి వెతుక్కునే గాలి.

మా నాయన సింగరయ్య
గూడూరు నుంచి కందుకూరు దాకా
నాటకాల వాళ్ళ వెంట తిరిగినోడు.
కిరీటం పెట్టుకున్నాయన పద్యం ఎత్తుకొని
రాగం తీసీ తీసీ ఊపిరి చాలక ఆగితే
ఆ ఖాళీని తెల్లారేదాకా నింపినోడు.
జనం వన్స్ మోర్ అంటే కిరీటం వంగి దండం పెట్టేది.
నాయన చెయ్యి మాత్రం తిత్తి మీదే ఉండేది.

విరిగిన దానికి జత ఈ ఊళ్ళో దొరకదు.
అటక మీంచి నాయన పెట్టె దించాను.
పైస్థాయి గాంధారం ఊడదీసి
ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీసి
చెవి దగ్గర మీటి, మళ్ళీ అరగదీసి.
తేనెమైనంలో గుగ్గిలం కాచి పోస్తుంటే
గన్నయ్య ముక్కు ఎగబీల్చి ఏదో అన్నాడు.
"వాళ్ళమ్మ ముట్టించే కొవ్వొత్తుల వాసనట."
నాకు తగిలింది వేరే:
అర్దళం, కొబ్బరినూనె, పెట్రోమాక్స్ లైటు.

హాల్లో నాకు చివరి వరస.
ఎర్ర గౌన్ల ఆడవాళ్ళు పదిమంది
అడుగు తీసి వేస్తున్నట్టే లేదు,
నీళ్ళ మీద తెప్పల్లా జరిగారు.
ఒకాయన రెండు చెక్క గరిటెలు చేర్చి
మోకాలి మీద టకటకలాడిస్తే
నా పక్క పిల్లాడు వాళ్ళమ్మని గిల్లాడు.
"ఇంటికెళ్ళి మొదలుపెట్టావో, చంపుతా" అందామె.

తర్వాత జినైదా అనే పెద్దావిడ
ఒంటరిగా ఎత్తుకుంది.
మాట ఒక్కటీ తెలీదు.
గట్టు లేని పొలంలో
పాట ఎటో నడిచిపోతోంది.
నిజం చెప్పాలంటే నేను పాట వినలేదు.
స్కూలు గేటు దగ్గర నిలబడ్డ తండ్రిలా
గాంధారం కోసం చూస్తున్నాను.

వచ్చింది.
కొంచెం బొంగురు.
ఇత్తడి గదా, వాళ్ళది ఉక్కు.
ఎవరికీ తెలీలేదు. ఆమెకి తెలిసింది.
ఒక్కసారి పెట్టె వైపు చూసి
గొంతు దించి దాని పక్కనే నడిచింది,
ముసలాయన్ని బస్సెక్కించేటప్పుడు
ముంజెయ్యి పట్టుకున్నట్టు.

వన్స్ మోర్ అని అరిచాను.
హాలంతా తిరిగి చూసింది.
యాళిని కొంగు నోట్లో కుక్కుకుంది.
వాళ్ళకేం అర్థమైందో,
మళ్ళీ పాడారు.

మర్నాడు వాళ్ళకి కలకత్తా రైలు.
మైనానికీ కూలికీ డబ్బు తీసుకున్నాను.
రేకుకి వద్దు, అది అప్పు, అని చెప్పమన్నాను.
ఆ పిల్ల ఏమని తిప్పి చెప్పిందో గానీ
గన్నయ్య నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు నాయన పెట్టెలో ఆ మెట్టు నొక్కితే
ఉత్త గాలి.
వేరేది వెయ్యొచ్చు, డబ్బాలో నూరున్నాయి.
నిన్న మనవరాలు నొక్కి నొక్కి అడిగింది,
"తాతా, ఇది పలకదేం?"

అది ఊళ్ళో లేదమ్మా, అన్నాను.
క్యాంపుకెళ్ళింది.