అన్నిటికన్నా దిగువ

సుంకి ఘాటు మలుపుల్లో రెండుసార్లు ఇరుక్కుని
చివరికి లారీ వెనకాల ఊగుతూ వచ్చింది బండిల్లు,
తెల్లగా, కోడిగుడ్డులా.
పొట్టంగి దాటాక పిల్లలు దాని వెంట పరిగెత్తారు,
వలిసె చేలు మాత్రం పసుప్పచ్చగా
నిల్చున్నచోటే నిల్చుని చూశాయి.

మహాపాత్రో గారి మాట ఫోన్లో ముక్కలు ముక్కలుగా:
టూరిస్టుల పర్మిట్టు ఫాల్గుణం దాకా రాదట,
ఈలోగా దేవమాలి చలికి పైపులు పగిలితే
లక్షలు పోతాయట.
"పుస్తకం ఉంది కదా అసిరమ్మా, చూసి చెయ్యి."

పుస్తకం ఉంది.
ఎనభై నాలుగు పేజీలు.
పందిరిగుడ్డ మడిచే విధానానికి ఆరు బొమ్మలు,
గ్లాసుల అర గురించి పేజీన్నర,
పొయ్యి మీద పిల్లల్ని కూర్చోబెట్టరాదని ఎర్రక్షరాలు.
చలి గురించి ఒకే ఒక్క వాక్యం.
లచ్చు పంగి కూతురు సుకాంతి
తొమ్మిదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివింది:
"శీతకాలానికి ముందు వాహనమును
తగినవిధముగా సిద్ధపరచవలెను."
ఇంగ్లీషులోంచి దేశియాకి, దేశియాలోంచి నా తెలుగుకి దిగేసరికి
అందులో ఉన్న కాసిని నీళ్లూ కారిపోయాయి.

పద్నాలుగేళ్లు బ్లాకాఫీసు చేతిపంపులు బాగుచేశాను.
చేతిపంపుకి పుస్తకం లేదు.
రాడ్డు బరువే చెప్తుంది
పోయింది వాషరో, ఊటో.
గోనె పరిచి బండి కింద వెల్లకిలా పడుకున్నాను,
టార్చి పళ్ల మధ్య.
నీటికి ఒకటే బుద్ధి, దిగువ.
వేలితో దాని దారే పట్టుకుని పోయాను
ఎర్ర గొట్టం, నీలి గొట్టం,
గీజరు పొట్ట, తొట్టి బొడ్డు.
ఒక్కో బిరడా విప్పుతుంటే
పరీక్షకని పోసిన పూణే నీళ్లు
మా కొండ మట్టిలోకి ఇంకిపోయాయి.

అయినా లోపలెక్కడో గుడగుడ.
సైకిల్ పంపు అతకలేదు.
లచ్చు పంగి చుట్ట తీసి చెవి వెనక పెట్టుకున్నాడు,
గొట్టం తీసి నోట పెట్టుకున్నాడు.
పెళ్లిళ్లలో మొహురి ఊదే బుగ్గలవి.
వంటగది కుళాయి దగ్గింది, తుమ్మింది,
చాదస్తపు మామలా ఉమ్మి ఊరుకుంది.
సుకాంతి నవ్వి నవ్వి మంచం మీద పడింది,
మంచం పలక జరిగింది,
పలక వెనక
ఏ బొమ్మలోనూ లేని పసుపు బిరడా.

వంకర గొట్టంలో మిగిలిన గుక్కెడు మాత్రం కదలదు.
గుప్పెడు కల్లుప్పు వేశాను.
తప్పో ఒప్పో పుస్తకం పలకదు.
బ్యాటరీ విప్పి పంగి వాళ్లింట్లో
చోళ్ల బుట్ట పక్కన పెట్టాం.
ఎలక దూరే కన్నాల్లో ఇనపపీచు కూరాం.
ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా జొన్నదంటు అడ్డం.

ఆ రాత్రి మెట్టు మీద స్టీలు గ్లాసుడు నీళ్లు వదిలి పోయాం.
తెల్లారేసరికి గడ్డి నెరిసింది.
గ్లాసు మీద గాజు మూత.
లోపలికెళ్లి కుళాయి తిప్పాను.
ఏమీ రాలేదు. ఒక చిన్న ఊపిరి, అంతే.
ఏమీ రాకపోతే సంతోషించడం
నా బతుకులో ఇదే మొదలు.
సిమిలిగుడలో మా వీధి కుళాయి
ఏడాది పొడుగునా ఇలాగే ఊపిరి వదుల్తుంది,
ఎవరూ తగినవిధముగా సిద్ధపరచకుండానే.

పుస్తకం చివర గమనికలకని ఒక ఖాళీ పేజీ.
సుకాంతి పెన్సిల్ తెచ్చింది.
"మంచం వెనక పసుపు బిరడా. ముందు అది రాయి."
"ఏ భాషలో రాయను మావుసీ?"
మహాపాత్రో గారి ఒడియా, నా తెలుగు, వాళ్ల దేశియా,
వచ్చే ఏడు వచ్చేవాడిది ఏ భాషో.
బొమ్మ వెయ్యమన్నాను.
బండి వేసింది, గొట్టాలు వేసింది,
కింద వెల్లకిలా నన్ను వేసింది
టార్చి కాస్త పెద్దదిగా,
పక్కన బుగ్గలుబ్బిన నాన్నని.
ఇంకా చోటు మిగిలితే
పొయ్యి మీద
తనని తాను కూర్చోబెట్టుకుంది.