తడి సిమెంటు

మడికొండ దాటినంక కొత్త ప్లాట్లల్ల
మూడు రోజులాయె, కుక్కలు మొరుగుతలేవు.
కొమ్రవ్వ కోళ్లగంప ఎల్లెలకల పడ్డది, ఈకలే.
మా సంపు మూత మీద కుందేలు చెవొక్కటి,
లోపలి నూగు ఇంకా మెత్తగనే.
పిల్లలకు చెప్పలే. చెప్పుతోని పక్కకు నూకిన.

నిన్న పోసిన ర్యాంపు మీద
నాలుగు వేళ్లు, ఒక మెత్త.
గోళ్లు దిగలే.
ఓదేలు మేస్త్రి తన అరచెయ్యి పక్కన పెట్టి చూసి
ఏం అనలే. తాపీ తీసిండు, చదును చేద్దామని.

ఉండనీయన్నా అంటి,
గుట్టను పేల్చి తెచ్చిన కంకరే గదా ఇది,
దాని ఇల్లే.

నాకు తలుపున్నది, అంటి.

ఓదేలు తలకాయ ఊపిండు.
చీకటి పడంగ, ఇసుక కుప్ప మీద పండిన బిడ్డను
ఎత్తుకపోయి
మిక్సర్‌కు గోడకు నడుమ పండబెట్టిండు.