కిలుము

శుక్రవారానికల్లా వందేళ్ళు కావాలన్నాడు సిదిబే.
ఏడు బొమ్మలు. ఒక్కోదానికీ వందేళ్ళు.
బయానా కింద ఇరవై వేల ఫ్రాంకులు
పగలగొట్టిన మూసల పెంకుల మీద పెట్టి
మోపెడ్ ఎక్కి వాగడూగు దుమ్ములో కలిసిపోయాడు.

నిన్నటి బొమ్మలవి, ఇంకా ఒళ్ళు చల్లారలేదు.
మొన్నటిదాకా అవి
కారే కొళాయిలు, చెవి పోయిన తాళంకప్పలు,
పిల్లలు ఏరుకొచ్చిన గుప్పెడు తూటా తొడుగులు.
కొలిమిలో దిగాక
నువ్వెవరని ఒకదాన్నొకటి అడగలేదు.

మట్టిలో గాడిద లద్దె కలిపి తొక్కింది నేనే,
మోకాళ్ళ దాకా వాసన, సబ్బుకి లొంగదు.
మైనం మలిచింది రస్మానె తాత.
చూపు ఆనదు. బొటనవేలితో ముక్కులు తడిమి
"ఇది మా మేనమామ, ఇది నాకు అప్పున్నవాడు"
అని తనలో తను నవ్వుకునేవాడు.

"డెబ్భై రెండు నాకు" అన్నాడు ఆ పూట,
"పైసా ఎక్కువిచ్చేవాడు లేడు.
నన్నూ వారం రోజులు పాతిపెట్టు యంబా,
ధర పలుకుతానేమో."

కోళ్ళగూడు వెనక గొయ్యి తీశాను.
ఉప్పు, బూడిద, పులిసిన సజ్జగంజి.
ఇల్లాళ్ళంతా చింతపండేసి తోమి
వదిలించుకునే కిలుముని
మేం విత్తు నాటినట్టు నాటి పెంచుతాం.
జలీసా అవ్వ పొద్దునా మాపూ
అంట్లు కడిగిన నీళ్ళు పోసేది,
పోస్తూ ఏదో లెక్కపెట్టేది.

మూడో రాత్రి చూశాను:
గొయ్యి తడిపాక నాలుగడుగులు పక్కకి నడిచి
గోడ వారగా
చెంబు అడుగున మిగిలిన గుక్కెడూ ఒంపింది.
అవి అంట్ల నీళ్ళు కావు. కుండలో తాగే నీళ్ళు.

గురువారం తవ్వితే ఆరే దొరికాయి.
ఆరూ పచ్చగా, పుండ్లుపడి,
ఎవరి తాతముత్తాతలో అన్నట్టు ముసలివై.
ఏడోది డోలు పట్టుకున్న చిన్న కుర్రాడు,
ఎడమ చెయ్యి దాకా లోహం చేరక
మణికట్టు దగ్గరే ఆగిపోయినవాడు.
పలుగు గోడ వైపు తిప్పాను.
"ఆ మూల తవ్వకు" అంది అవ్వ,
గొంతు పెంచకుండా.

సిదిబే రెండుసార్లు లెక్కపెట్టాడు.
"ఏడోది?"

తాత కొలిమి తిత్తి సర్దుతూ
సిదిబే వైపు కాదు, గోడ వైపు ముఖం పెట్టి
"కొన్నిటికి పోత సరిగ్గా దిగదు" అన్నాడు.

మూడు వేలు కోసుకుని వెళ్ళాడు వాడు.
అవ్వ చెంబు బోర్లించింది.

నేనీ వాకిట్లో పనికి చేరి తొమ్మిదేళ్ళు.
ఎండాకాలం ఊరంతా నెర్రెలిచ్చినా
ఆ గోడ వార జానెడు నేల
ఒక్కనాడూ పొడిగా చూడలేదు.
ఇన్నాళ్ళూ కప్పు కారుతుందనుకున్నాను.

లద్దె అయిపోయింది.
తట్ట నెత్తినెత్తుకుని
సంతకి బయల్దేరాను.