నాలుగు నలభైకి లేసిన గీత

పెద్దాసుపత్రి నుంచి వచ్చిన పిల్ల, పేరు తహసీన్,
నా ఎడమ చేతికొకటి, నడుముకొకటి
అగ్గిపెట్టెలంత పెట్టెలు కట్టింది.
"ఏడు దినాలు అక్కా, తానానికి తప్ప తీయొద్దు."
రోజుకు నేను ఎంత కర్సయితనో చూస్తదట.
నవ్వొచ్చింది.
కొత్తవాడల నన్నెవ్వరూ ఆ మాట అడగలే.
ఎంతొస్తది అనే అడుగుతరు,
కిలో నూలుకెంత, పింఛనెంత.

కాళ్ళు నా మూడో ఏటనే ఆగినయి.
పొద్దంత రాట్నం ముందల కూసోని
జంపఖానాల నూలు కండెలకు చుడుత.

మొదటి దినం నడుము పెట్టె చెప్పింది: అడుగులు సున్నా.
చేతి పెట్టె చెప్పింది: పదకొండు వేల మూడు వందలు.
తమ్ముని బిడ్డ వేళ్ళ మీద లెక్క కట్టి,
"అత్తా, నీ చెయ్యి హన్మకొండ దాకా పోయి
సగం తొవ్వ తిరిగొచ్చింది,
నడుము ఇంట్లనే ఉన్నది" అన్నది.

రెండో దినం సంది గంటకోపారి గుర్రుమంటది.
తెర మీద లేచి నిలబడ్డ మనిషి బొమ్మ.
లే, జర నడువు.
కండె ఆపి దాని దిక్కు చూసిన.
మా నాయిన కూడా పదేండ్లు గదే అన్నడు,
వెదురు కర్రలు చంకల వెట్టి,
లే బిడ్డా, జర నడువు.
ఆయనకు ఓపిక ఒడిసింది.
దీనికి ఛార్జింగ్ ఒడవలే.

నాలుగో దినం పింఛన్ కాగితం పని వడ్డది.
పోచమ్మమైదాన్ కాడ షేరింగ్ ఆటో ఎక్కించిండ్రు.
తొవ్వంత గుంతలే.
దిగి చూస్తే నడుము పెట్టెల పన్నెండు వందల అడుగులు.
నలభై ఒక్క ఏండ్లకు
నన్ను నడిపిచ్చింది వరంగల్ రోడ్డు.

ఆరో దినం తహసీన్ నా మూతికి మాస్కు బిగిచ్చింది,
ఊపిరి లెక్కవెట్టే మిషనట.
చేతులతోని తొక్కే మూడు చక్రాల బండి మీద
రైల్వే బ్రిడ్జి కింది నుంచి ఎత్తు ఎక్కుమన్నది.
వైర్లు వట్టుకొని పక్కపొంటి ఉరికింది.
పైకొచ్చినంక ఇద్దరం రొప్పుతున్నం,
మాస్కు నాకొక్కదానికే ఉన్నది.

చేతి పెట్టె చెప్పినదానికి
ఊపిరి చెప్పినదానికి పొంతన లేదు.
ఊపిరి రెండింతలు.
"తప్పు పెట్టెదా, నాదా?" అన్న.
బోర్డులు చదువుతున్నట్టు అటిటు చూసి చెప్పింది:
"ఆ లెక్క నడిచేటోళ్ళ మీద కట్టిండ్రు అక్కా.
అందుల మీరు లేరు."
నాకు కొత్తగాదు.
బస్సు మెట్లు కూడా వాళ్ళ మీదనే కట్టిండ్రు,
బ్యాంకు కౌంటరు, ఓటేసే బడి గడప.
అననైతే అనలే. పిల్ల అప్పటికే చిన్నబోయింది.

పెట్టెలు విప్పినంక ల్యాప్‌టాపుల గీతలు చూపిచ్చింది.
రాట్నం కాడివి దువ్వెన పండ్ల లెక్క,
సన్నగ, ఒక్క తీరు.
కానీ రోజూ తెల్లారుజామున నాలుగు నలభైకి
ఒక గీత నిట్టనిలువుగ లేస్తున్నది.
"ఇది పెట్టె పాడైందేమో అక్కా,
తీసేద్దామనుకుంటున్న."
"తియ్యకు" అన్న.

అది నల్లా.
మంచం దిగి, పీట మీద జరుగుకుంట గడప దాటి
ఆరు బిందెలు.
బిందెను ముందటికి నూకుడు, నేను జరుగుడు,
బిందె, నేను,
బిందె, నేను,
నీళ్ళు బందయ్యే లోపట.
తమ్మునోళ్ళు నిద్రల ఉంటరు.
గల్లీల కుక్క కూడా తల లేపి
మల్ల పండుకుంటది.

ఆమె ఆ గీత పక్కన పెన్నుతోని రాసుకున్నది: నల్లా.
"ఎన్ని నిమిషాలు అక్కా?"
"వచ్చినంత సేపు."

చేతికి తెల్లగ పట్టె మిగిలింది.
తెల్లారి బిందె నూకుతుంటే
అలవాటుకు దాని దిక్కే చూసిన.
ఆ దినం నాలుగు బిందెలకే నీళ్ళు బందైనయి.
పెట్టె ఉంటే
గీత పొట్టిగొచ్చు.